గురి పెట్టడంలో ఆనందం ఉండకూడదా?

ఈ విషయం మీద రాస్తానని మా సంఘం సమావేశంలో చెప్పినప్పుడు ఇద్దరు నవ్వారు, ఒకామె కోప్పడింది. నవ్వినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. ఆడవాళ్ళు ఏదైనా సరదా కోసం చేస్తామంటే నవ్వడం లోకానికి అలవాటే, మనకూ అలవాటే. కోప్పడినామె మాత్రం నాకు ముప్పై ఏళ్ళ స్నేహితురాలు. తమ్ముణ్ణి తుపాకీ గుండుకు పోగొట్టుకున్న మనిషి. "త్రీనాట్‌త్రీ తూటా కాలిస్తే హాయిగా ఉందని రాస్తావా? అదీ మన పత్రికలోనా?" అంది. ఆమె ప్రశ్నను దాటేసి రాయడం నిజాయితీ అనిపించుకోదు. అందుకని రాసేదేదో ఆమెకు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. 2019 వేసవిలో ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళాను. వారమంతా ఆసుపత్రి డ్యూటీలు, రాత్రి షిఫ్టులు. ఆదివారం మాత్రం ఆ పిల్ల ఒక రైఫిల్ క్లబ్బుకు వెళుతుంది. పాతకాలపు రైఫిళ్ళతో, పాతకాలపు తూటాలతో కాగితం మీది గుండ్రాల్ని కొట్టడం ఆ క్లబ్బు వాళ్ళ వ్యాపకం. "పెద్దమ్మా, నువ్వు ఎన్‌సీసీలో కాల్చేదానివని అమ్మ చెప్పింది, రా" అని అతిథుల్ని రానిచ్చే రోజు చూసి తీసుకెళ్ళింది. నేరచరిత్ర లేదని సంతకం పెట్టించుకున్నారు. చెవులకు కప్పులు తగిలించి ఒక చాప చూపించి బోర్లా పడుకోమన్నారు.

ఆ "బోర్లా పడుకోమనడం" దగ్గర కాసేపు ఆగాలి.

1981లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మొదటిసారి ఆ మాట విన్నాను. మాది జిల్లా కేంద్రంలో ఆడపిల్లల కాలేజీ. ఎన్‌సీసీలో చేరితే పైచదువు సీటుకు పనికొస్తుందని నాన్న ఒప్పుకున్నాడు. ఫైరింగ్ కోసం ట్రక్కులో ఊరి బయటికి తీసుకెళ్ళారు. పాయింట్ టూటూ రైఫిలు, 25 గజాల దూరం, మనిషికి ఐదు గుళ్ళు. హవల్దారు వచ్చి కాళ్ళు ఎడంగా పెట్టి, మడమలు నేలకు ఆనించి, బోర్లా పడుకోమన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎలా కదులుతాం? కాళ్ళు చాపకూడదు, బోర్లా పడుకోకూడదు, ఆడపిల్ల బోర్లా పడుకుంటే ఇంటికి అరిష్టం అని నాయనమ్మ చేతి దెబ్బలు తిని పెరిగినవాళ్ళం. పదిహేడేళ్ళపాటు మా ఒంటిని మేమే మడతపెట్టుకుని దాచుకున్నాం. ఇప్పుడు పట్టపగలు, మగవాళ్ళ ముందు, మట్టిలో, కాళ్ళు బారచాపి పడుకోమంటున్నారు. చివరికి ఒక పిల్ల పడుకుంది. తర్వాత అందరం పడుకున్నాం. మొదటి గుండు పేలాక సిగ్గు ఎటు పోయిందో తెలియదు. ఐదు గుళ్ళలో నాలుగు రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి నాకు. ఆ కాగితం చాలా ఏళ్ళు దాచుకున్నాను.

కాల్చిన ఖాళీ తొడుగుల్ని అక్కడ ఖోకాలంటారు. లెక్కపెట్టి అప్పగించాలి. ఆ రోజు ఒకటి తక్కువైంది. దొరికేదాకా ట్రక్కు కదలదన్నారు. తుమ్మముళ్ళ మధ్య గంటసేపు వెతికాం. ఎంత చిన్న ఇత్తడి ముక్కకైనా ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలనే సంగతి ఆ ముళ్ళలో నేర్చుకున్నాను. ఆ తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. ముప్పై ఎనిమిదేళ్ళు రైఫిలు ముట్టుకోలేదు.

ఇంగ్లండులో నా చేతికిచ్చింది మన దేశంలో తయారైన రైఫిలు. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పేరు, రాజుగారి కిరీటం ముద్ర, 1943 అన్న సంవత్సరం దాని మీద చెక్కి ఉన్నాయి. నాకంటే వయసులో పెద్దది. నాలుగు కిలోల దాకా బరువు. ఈ రకం రైఫిళ్ళకు వెనక ఉండే కర్ర భాగాన్ని రకరకాల పొడవుల్లో చేసేవారట. పొడుగు చేతులవాళ్ళకు ఒకటి, మామూలువాళ్ళకు ఒకటి, పొట్టివాళ్ళకు ఒకటి, మరీ పొట్టివాళ్ళకు ఇంకా చిన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో అయిదడుగుల మూడంగుళాలు కూడా లేని మగవాళ్ళతో ప్రత్యేకంగా దళాలు కట్టారు. ఆ అతి పొట్టి కర్ర పేరు, ఆ దళాల పేరు ఒకటే, బాంటమ్. ఇది విని నేను చాలాసేపు నవ్వుకున్నాను. పొట్టి మగవాడి కోసం కర్రను కోస్తారు. పొట్టి ఆడది వస్తే మాత్రం "నీ శరీరం దీనికి సరిపోదమ్మా" అంటారు. కోతమిషన్లూ, పోలీసు బూట్లూ, బస్సు డ్రైవరు సీట్లూ, ఎన్నిటి దగ్గర విన్నాం ఈ మాట!

ఇక తూటా. త్రీనాట్‌త్రీ అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యికి 303 వంతులు. 1880ల చివర్లో బ్రిటిష్ సైన్యం కోసం తయారైంది. 1910లో స్థిరపడిన రూపంలో గుండు బరువు 11 గ్రాముల చిల్లర, గొట్టం వదిలేటప్పుడు వేగం సెకనుకు 740 మీటర్ల పైమాటే. తొడుగు అడుగున పళ్ళెం అంచులాంటి అంచు ఉంటుంది. ఈ అంచే దీని పాతదనానికి గుర్తు. ఐదు తూటాల్ని పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందా, రెండూ ఇరుక్కుని రైఫిలు కదలదు. కొత్త తుపాకులకు ఈ బాధ లేదు. ఈ పాతదానితో మాత్రం తొందరపడ్డానికి వీల్లేదు. ఒక్కో తూటా చేత్తో పెట్టాలి, బోల్టు ముందుకు నెట్టాలి, ఊపిరి సగం వదిలి ఆపాలి, ముందున్న మేకు కొనను నల్లటి గుండ్రం అడుగున నిలపాలి. ట్రిగ్గరు రెండు మెట్లుగా వస్తుంది. రెండో మెట్టులో ఎప్పుడు పేలుతుందో మనకే తెలియకూడదు.

పేలింది. భుజం మీద ఎవరో గట్టిగా చరిచినట్టయింది. 300 గజాల అవతల, మట్టికట్ట వెనక గుంటలో ఉన్న మనుషులు కాగితాన్ని కిందికి దించి, నా గుండు పడ్డ చోట చిన్న బిళ్ళ గుచ్చి, మళ్ళీ పైకి లేపారు. గుండ్రం అంచున, ఎడమ పక్కన పడింది. పదిసార్లు కాల్చాను. యాభైకి ఇరవై తొమ్మిది వచ్చింది. రెండు అసలు తగల్లేదు. గొప్పేమీ కాదు. కానీ ఆ నలభై నిమిషాల్లో నేను ఎవరికీ వంట చేయలేదు, ఎవరి ఫోనూ ఎత్తలేదు, ఎవరి కష్టమూ వినలేదు. మన పనిలో రోజంతా ఇతరుల కష్టం వినడమే గదా. నా ఊపిరీ, నా వేలూ, ఆ నల్ల చుక్కా, అంతే. చెప్పడానికి సిగ్గుపడను. చాలా సంతోషంగా ఉంది.

ఇక్కడే నా స్నేహితురాలి కోపం మొదలవుతుంది. ఆ తూటా ఎక్కడెక్కడ తిరిగిందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో సైనికులు 1650 రౌండ్లు కాల్చారు. అవి త్రీనాట్‌త్రీ తూటాలే. తగలగానే లోపల విచ్చుకుని గాయాన్ని పెద్దది చేసే గుండును 1890లలో కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధాగారంలో తయారుచేశారు. ఇదే తూటా కోసం, వలస దేశాల మనుషుల మీద వాడడం కోసం. 1899లో హేగ్ సమావేశం అలాంటి గుళ్ళను నిషేధించాల్సి వచ్చింది. స్వతంత్రం వచ్చాక అదే రైఫిలు మన పోలీసుల భుజమెక్కింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు గాని దానికి వీడ్కోలు చెప్పలేదు. తెలుగు పల్లెల్లో తుపాకీ అంటే చాలా ఏళ్ళు త్రీనాట్‌త్రీయే. ధర్నాల్లో మన ఎదురుగా నిలబడిందీ అదే.

కాబట్టి "వస్తువుకు పాపం అంటదు, వాడే చేతిదే తప్పు" అనే తేలిక మాట నేను చెప్పను. తుపాకీ అమ్ముకునే కంపెనీలు చెప్పే మాట అది. ఈ వస్తువు చంపడానికే తయారైంది. దానితో ఆడుకునేటప్పుడు ఆ సంగతి మరచిపోతే ఆ ఆట నాకు వద్దు. కానీ ఇంకో ప్రశ్న ఉంది. ఈ వస్తువు దగ్గరికి స్త్రీని ఎవరు, ఎప్పుడు, ఏ షరతు మీద రానిచ్చారు?

నేను కాల్చిన ఆ మైదానం పేరు బిస్లీ. 1890 నుంచి ఇంగ్లండు జాతీయ రైఫిల్ సంఘం పోటీలు అక్కడే జరుగుతున్నాయి. అంతకుముందు వింబుల్డన్‌లో జరిగేవి. 1860లో ఆ పోటీల్లో మొట్టమొదటి గుండు పేల్చింది ఒక స్త్రీ, విక్టోరియా రాణి. అయితే రైఫిలును ముందే గురిచూసి ఒక చట్రానికి బిగించి పెట్టారు. రాణిగారు పట్టుతాడు లాగారు. గుండు మధ్యలో పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. మన మహిళా సర్పంచుల చేత సంతకం పెట్టించే పద్ధతి గుర్తుకొస్తే తప్పు నాది కాదు.

తాడు లాగడం నుంచి నిజంగా గెలవడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. 1930 జూలైలో అక్కడి అతి పెద్ద బహుమతి అయిన కింగ్స్ ప్రైజ్‌ను మార్జొరీ ఫాస్టర్ గెలిచింది. సైనికాధికారీ కాదు, జమీందారు బిడ్డా కాదు. కోళ్ళు పెంచుకుని బతికే స్త్రీ. త్రీనాట్‌త్రీ రైఫిలుతో, చివరి దశలో 1000 గజాల దూరాన, 300కు 280 పాయింట్లు తెచ్చుకుంది. రెండో స్థానంలో నిలిచిన సైన్యం లెఫ్టినెంటు కంటే ఒక్క పాయింటు ఎక్కువ. గెలిచినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించడం అక్కడి ఆచారం. ఆ రోజు ఆ కుర్చీలో తొలిసారి ఒక స్త్రీ కూర్చుంది. బ్రిటన్‌లో మగవాళ్ళతో సమానంగా స్త్రీలకు ఓటు వచ్చి అప్పటికి రెండేళ్ళే. అదే బహుమతిని మరో స్త్రీ గెలవడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ ఆడవాళ్ళకు వేరే పోటీ, వేరే లెక్క లేవు. అందరూ ఒకే వరసలో పడుకోవాలి.

ఆమె ఆ ఆట ఎందుకు ఆడిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో గాని, నాకు తెలిసినంతలో ఎవరి నుంచో కాపాడుకోవడానికి మాత్రం కాదు. అందుకే ఆమె నాకు నచ్చింది.

ఎందుకంటే మిగతా కథలన్నీ వేరుగా ఉన్నాయి. పదేళ్ళు తిరక్కుండానే, 1940లో జర్మనీ దాడి చేస్తుందన్న భయం వచ్చినప్పుడు, మమ్మల్నీ హోమ్‌గార్డుల్లో చేర్చుకోండి, తుపాకీ నేర్పండి అని బ్రిటన్ స్త్రీలు అడిగారు. ఒప్పుకోలేదు. ఎడిత్ సమర్‌స్కిల్ అనే పార్లమెంటు సభ్యురాలు స్త్రీల రక్షణ దళం పెట్టి తామే నేర్చుకోవడం మొదలుపెట్టాల్సి వచ్చింది. 1943లో చేర్చుకున్నారు, సహాయకులుగా, తుపాకీ లేకుండా. మన దగ్గర 1946–51 తెలంగాణ పోరాటంలో స్త్రీలకు తుపాకీ పట్టడం నేర్పారు. పోరాటం ముగిశాక ఇళ్ళకు పోయి సంసారాలు చూసుకోమన్నారు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ బాధ వాళ్ళ నోటనే ఉంది. రెండు సందర్భాల్నీ ఒకే గాటన కట్టడం లేదు. ఒకటి రాజ్యం, ఒకటి రాజ్యాన్ని ఎదిరించిన ఉద్యమం. కానీ అవసరం పడ్డప్పుడు స్త్రీ చేతికొచ్చే నైపుణ్యం, అవసరం తీరగానే ఆమెది కాకుండా పోవడం రెండు చోట్లా ఉంది.

ఇక 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ వాళ్ళు ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే చిన్న రివాల్వరు తెచ్చారు. ఢిల్లీ అత్యాచారంలో చనిపోయిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరును కాస్త మార్చి దానికి పెట్టారు. అరకిలో బరువు, ధర లక్షా ఇరవై వేల పైన. నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి అమ్మారు! వీధి దీపాలు, బస్సులు, ఎఫ్ఐఆర్ రాసుకునే పోలీసు స్టేషన్లు, త్వరగా తేలే కేసులు అడిగాం మనం. నగల పెట్టెలో తుపాకీ ఇచ్చారు. మన మీద హింస చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లోవాళ్ళూ తెలిసినవాళ్ళే అయినప్పుడు ఇంట్లో రివాల్వరు ఎవరి చేతికి అందుతుందో కౌన్సెలింగ్ చేసే ఏ కార్యకర్తను అడిగినా చెబుతుంది.

చూడండి, భయం ఉంటే తుపాకీ ఇస్తారు. దేశానికో ఉద్యమానికో అవసరమైతే ఇస్తారు. పతకం తెస్తానంటే ఇస్తారు. 2010లో కొల్హాపూర్ అమ్మాయి తేజస్విని సావంత్ మ్యూనిక్‌లో 50 మీటర్ల రైఫిల్ ప్రపంచ చాంపియన్ అయింది. ఈ క్రీడలో మన దేశపు మొదటి మహిళా ప్రపంచ చాంపియన్ ఆమే. సంతోషమే. కానీ పతకాల దగ్గర కూడా లెక్క సమానంగా లేదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్త్రీపురుషులు కలిసి పోటీపడేవారు. పాయింట్ టూటూ రైఫిలు పోటీలో మార్గరెట్ మర్డక్, లానీ బాషమ్ ఇద్దరికీ 1162 పాయింట్లే వచ్చాయి. నిబంధనల ప్రకారం స్వర్ణం అతనికిచ్చారు. జాతీయగీతం మోగేటప్పుడు అతను ఆమె చెయ్యి పట్టుకుని తన మెట్టు మీదికి లాగాడు. మంచివాడే. 1984 నుంచి ఆడవాళ్ళ పోటీలు వేరుచేశారు. వేరుచేసి మగవాళ్ళకు 120 గుళ్ళు, ఆడవాళ్ళకు 60 అన్నారు. ఎందుకు? పడుకుని ట్రిగ్గరు నొక్కడంలో ఆడదానికి ఏ బలం తక్కువైంది? 2018లో గాని ఆ లెక్క సమానం కాలేదు.

ఏ కారణమూ లేకుండా, ఊరికే, బాగుంటుంది కనుక ఒక పని చేయడానికి మాత్రం స్త్రీకి అనుమతి దొరకదు. మగవాళ్ళకు పేకాట ఉంది, చేపలు పట్టడం ఉంది, వీధి అరుగుంది. ఎందుకని వాళ్ళనెవరూ అడగరు. మనం పాట పాడినా ఉద్యమం కోసమే పాడతాం. మన ఉద్యమం కూడా ఈ విషయంలో కొంచెం నాయనమ్మలాగే ఉందేమోనని నా అనుమానం.

అయితే నా ఆనందానికి హద్దు ఎక్కడ? దీనికి జవాబు కూడా అదే దేశంలో దొరికింది. 1996 మార్చి 13న స్కాట్లాండులోని డన్‌బ్లేన్ అనే ఊళ్ళో ఒకడు లైసెన్సున్న పిస్తోళ్ళతో బడిలోకి వెళ్ళి పదహారుమంది పసిపిల్లల్నీ వాళ్ళ టీచరునూ చంపాడు. అతనూ క్లబ్బుల్లో కాల్చేవాడే. తర్వాత కొందరు తల్లులు సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. లక్షలమంది సంతకం చేశారు. 1997లో చేతి తుపాకుల్ని చట్టం తెచ్చి నిషేధించారు. మా సరదా పోయిందని క్లబ్బుల వాళ్ళు గోలపెట్టారు. ఆ తల్లులదే న్యాయం. నా సరదా ఎంత తీయనిదైనా బడిపిల్ల ప్రాణం ముందు దానికి ఓటు లేదు. మా చెల్లెలి కూతురు కూడా ఇదే అంటుంది. ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చే నిదానపు పాత రైఫిలు అక్కడ మిగిలిందంటే, అదీ తాళంపెట్టెలూ, పోలీసు తనిఖీలూ, పూచీదారుల మధ్యనే. నన్నడిగితే ఇంకో మెట్టు ఎక్కాలి. ఏ తుపాకీ ఇంట్లో ఉండకూడదు. క్లబ్బు గదిలోనే ఉండాలి, అక్కడే కాల్చాలి, అక్కడే ఖోకాలు లెక్కపెట్టి అప్పగించాలి.

మన దగ్గర త్రీనాట్‌త్రీ మామూలు మనుషులకు లైసెన్సు దొరకని బోరు. అలాగే ఉండనివ్వండి, నాకేమీ కొరత లేదు. నేను అడిగేది వేరు. 1949 నుంచి ఎన్‌సీసీలో ఆడపిల్లల విభాగం ఉంది. పల్లెటూరి ఆడపిల్లలు చాలామంది జీవితంలో మొదటిసారి రైఫిలు చూసేది అక్కడే, చివరిసారి చూసేదీ అక్కడే. ఆ తర్వాత డబ్బున్న ఇళ్ళ పిల్లలకే ఈ ఆట. గగన్ నారంగ్‌నూ ఈషా సింగ్‌నూ ఇచ్చిన హైదరాబాదులో కూడా ప్రైవేటు శిక్షణా కేంద్రానికి వెళ్ళాలంటే ఫీజు చూసి వెనక్కి రావాల్సిందే. ప్రభుత్వ మహిళా కళాశాలల్లో పది మీటర్ల గది ఒకటి, లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిళ్ళు నాలుగు పెట్టి, సాయంత్రాలు ఊళ్ళోని ఏ వయసు స్త్రీ అయినా వచ్చి కాల్చవచ్చని చెబితే ఎంత ఖర్చవుతుంది? ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ మనవరాలికి తోడుగా శిక్షణ కేంద్రానికి వెళ్ళి, అరవై దాటిన వయసులో తనే పిస్తోలు అందుకుని ఆటగత్తె అయింది. చెయ్యి వణక్కుండా ఉండేందుకు ఇంట్లో నీళ్ళ కూజా పట్టుకుని సాధన చేసేదట. 2021లో కోవిడ్‌తో పోయింది. అలాంటి కేంద్రం ఊళ్ళో ఉంది కాబట్టి చంద్రో బయటపడింది. లేని ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో!

పోయిన ఏడాది మా ఊళ్ళో ముగ్గురం కలిసి ఒక కేంద్రానికి వెళ్ళాం. "అమ్మాయిని చేర్పించడానికా?" అని అడిగారు. కాదు, మేమే అన్నాం. ఫారంలో 'ఉద్దేశం' అన్నచోట రెండే గళ్ళున్నాయి, పోటీ, ఆత్మరక్షణ. నేను రెండూ కొట్టేసి 'ఆట' అని రాశాను. గుమాస్తా కాసేపు ఆలోచించి తీసుకున్నాడు. పిల్లలు బడిలో ఉండే వేళ కాబట్టి మంగళవారం, శుక్రవారం ఉదయాలు సగం ఫీజుకు ఇచ్చారు.

ఇది రాసి మొదట నా స్నేహితురాలికే చూపించాను. చదివి, "నా కోపం తగ్గలేదు. అది కూడా రాయి" అంది. రాశాను. మా మంగళవారాలకు ఆమె రాదు, నేను పిలవను. ఇంకెవరైనా వస్తామంటే నాలుగో రైఫిలు ఖాళీగానే ఉంది. ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి.